ఖుషీ నుంచి ‘కుషి’ దాకా: సుఖాన్ని చెప్పే ఒక మాట వెనుక గాయాల చరిత్ర

ఇంగ్లీషులో ‘కుషి’ అనే విశేషణం ఒకటి ఉంది. శ్రమ తక్కువగా, సుఖం ఎక్కువగా ఉండే ఉద్యోగాన్ని వారు ‘కుషి జాబ్’ అంటారు. మన వాడుకలో చెప్పాలంటే నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం. ఆ మాట అనేవారి గొంతులో సాధారణంగా కొంత ఈర్ష్య, కొంత ఎత్తిపొడుపు వినిపిస్తాయి. నిఘంటువులో దీని అర్థం రెండు పంక్తులకు మించదు. కానీ ఈ పదం ఇంగ్లీషులో అందరి నోటికీ ఎక్కింది కార్యాలయాల్లో కాదు, మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో. ఆనాటి సైనికులు ఈ విశేషణాన్ని తమ బసకు, తమ పనికి వాడినట్లే తమ గాయానికి కూడా వాడారు. ‘కుషి గాయం’ అంటే సుఖమైన గాయం! గాయానికి సుఖం విశేషణం ఎలా అయింది? ఒక వైద్యునిగా నన్ను ఆలోచింపజేసిన ప్రశ్న ఇది.

సుఖాన్ని చెప్పే మాటలకూ వైద్యానికీ ఉన్న చుట్టరికం పాతది. రోగాన్ని ఇంగ్లీషులో ‘డిసీజ్’ అంటాం కదా. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన పదం. ‘ఈజ్’ అంటే హాయి. దానికి ముందు లేమిని సూచించే ఉపసర్గ చేరితే హాయి లేకపోవడం. మధ్యయుగపు ఇంగ్లీషులో ఆ పదానికి కలత, అసౌకర్యం అనే అర్థాలే ప్రధానం. శరీర వ్యాధి అనే అర్థం తరువాత స్థిరపడింది. మన ‘స్వస్థత’ కూడా ఇటువంటిదే: మనిషి తనలో తాను నిలకడగా ఉండటం. ఇక తెలుగువారి ఉత్తరాల్లో తరతరాలుగా నిలిచిన ‘కులాసా’ చూడండి. అరబ్బీ మూలంలో ‘ఖులాసా’ అంటే సారం, సంగ్రహం. హిందీలో వివరణ అనే అర్థం తెచ్చుకుంది. తెలుగు గడ్డ మీద మాత్రం అది ఆరోగ్యంగా, నిశ్చింతగా ఉండటమనే అర్థం సంపాదించుకుంది. మాటలు మనుషుల వలె ప్రయాణిస్తాయి, చేరిన చోట కొత్త జీవితం ప్రారంభిస్తాయి. ‘కుషి’ ప్రయాణం కూడా అటువంటిదే.

ఈ పదానికి పుట్టిల్లు పారశీకం. ఆ భాషలో ‘ఖుష్’ అంటే సంతోషకరమైన, హాయి అయిన అని అర్థం. సువాసనకు ‘ఖుష్‌బూ’ అనే పేరు దానినుంచి వచ్చిందే. ‘ఖుషీ’ అంటే సంతోషం. పరిపాలనలో పారశీకం చలామణి అయిన శతాబ్దాలలో ఆ మాట ఉర్దూ, హిందీలలోనే కాక తెలుగులో కూడా స్థిరపడింది. ‘మనిషి ఖుషీగా ఉన్నాడు’ అనే వాక్యంలో పరాయి పదం ఉన్నదని మనకు తోచనే తోచదు. అదే మాట బ్రిటిష్ సైనికుని నోట పడి, హకారపు ఒత్తు పోగొట్టుకుని, విశేషణపు వేషం ధరించి ‘కుషి’ అయిందని ఇంగ్లీషు నిఘంటుకారులు ప్రధానంగా అంగీకరించిన అభిప్రాయం.

అయితే వినగానే తోచే మరొక వ్యుత్పత్తి ఉన్నది. మెత్తని ‘కుషన్’ నుంచి ‘కుషి’ పుట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. సుఖానికీ మెత్తకూ పొంతన కుదురుతుంది కనుక ఆ ఊహ సహజమే. కానీ ‘కుషన్’ వంశం వేరు. అది ఫ్రెంచి ద్వారా లాటిన్ నుంచి వచ్చింది. తుంటి అనే అర్థం గల ‘కోక్సా’ దాని మూలమని చాలామంది పండితులు భావిస్తారు. తుంటిని ఆనించుకునేది కనుక ఆ పేరు. శరీర నిర్మాణ శాస్త్రం చదివినవారికి ‘కోక్సా’ పరిచితమైన మాటే. ఇంకొందరు రోమానీ ప్రజల భాషలో మంచి అనే అర్థం గల ‘కుష్టో’ను గుర్తు చేస్తారు. తెలుగు చెవికి వేరొక రోగం పేరులా వినిపించే ఆ మాట ప్రభావం కూడా ఇంగ్లీషు జనవాడుకపై కొంత ఉండవచ్చు. అయినా సైనికుల నోళ్లలో ఈ పదం వ్యాపించిన తీరు చూస్తే ఖుషీ వైపే మొగ్గు కనబడుతుంది.

ఎందుకంటే ఈ మాట ఒంటరిగా వెళ్లలేదు. భారతదేశంలో కొలువు చేసిన బ్రిటిష్ పటాలాలు ఇక్కడి మాటలను మూటగట్టుకుని వెళ్లాయి. దుమ్ము అనే అర్థం గల ‘ఖాక్’ నుంచి వచ్చిన ‘ఖాకీ’ ప్రపంచంలోని ఎన్నో సైన్యాలకు రంగు అయింది. ‘దేఖో’ నుంచి ‘డెకో’ పుట్టి, ఒక చూపు చూడటమనే అర్థంలో నిలిచింది. మనం డేగిసా అని పిలిచే వంటపాత్ర వారి శిబిరాల్లో ‘డిక్సీ’ అయింది. రొట్టె ‘రూటీ’ అయింది. మాటల ఈ రాకపోకల్లో మన ప్రాంతం పేరు కూడా ఒకచోట నిలిచిపోయింది. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువారు దక్షిణాది సిపాయిలను తమ పద్ధతిలో తీర్చిదిద్ది బెంగాల్‌కు తీసుకువెళ్లినప్పుడు అక్కడివారు వారిని ‘తెలింగాలు’ అన్నారు. కొంతకాలానికి ఉత్తరాదిలో ఐరోపా దుస్తుల సిపాయి ఏ ప్రాంతంవాడైనా తెలింగాయే. ఒక జాతి పేరు ఒక వృత్తి పేరుగా మారిపోయింది.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో పనిచేసి వచ్చిన పాత సైనికులు కొత్తగా చేరిన లక్షలాది యువకుల పక్కన నిలబడ్డారు. కందకాల్లో తుపాకీ పట్టడంతో పాటు ఆ మాటలను కూడా నేర్పారు. 1915 నాటికే ‘కుషి’ ఉత్తరాల్లో కనిపించసాగింది. శత్రువు గుండ్లు తక్కువగా పడే కందకం కుషి. పొడిగా ఉన్న బస కుషి. ముందువరుసకు దూరంగా సరుకుల గిడ్డంగిలో దొరికిన పని కుషి. ఎముక విరగకుండా, అవయవం పోకుండా, కొన్ని వారాల విశ్రాంతి తెచ్చిపెట్టే గాయం కూడా కుషి. యుద్ధానంతరం 1925లో ఫ్రేజర్, గిబ్బన్స్ కూర్చిన సైనికుల పదకోశం, 1930లో బ్రోఫీ, పార్ట్రిడ్జ్ వెలువరించిన సంకలనం అటువంటి పదాలను పోగుచేసి భద్రపరచినవే.

దీనికి తోడుగా మరొక మాట నడిచింది: ‘బ్లైటీ’. దీనికి మూలం ‘విలాయతీ’. ఉత్తరాది నోట అది ‘బిలాయతీ’. పరదేశానికి, ముఖ్యంగా ఇంగ్లండుకు చెందినది అని అర్థం. సీమచింత, సీమసరుకు అన్నప్పుడు మన ‘సీమ’ చేసే పని అదే. ఇక్కడివారు ఇంగ్లండును ఏమని పిలిచేవారో ఆ మాటనే సైనికులు తమ స్వదేశానికి ముద్దుపేరు చేసుకున్నారు. సముద్రం దాటించి ఇంటి గడ్డకు చేర్చగలిగే గాయం ‘బ్లైటీ గాయం’. 1916లో ఆ పేరుతో వచ్చిన ఒక పాట ఇంగ్లండులో ప్రతి నోటా ఆడింది. భారతదేశం ఇచ్చిన రెండు మాటలు ఒకే కోరికకు రెండు పేర్లయినాయి. ప్రాణం పోకూడదు, కాని ఒంటికి ఏదో ఒకటి తగలాలి, ఇక్కడినుంచి బయటపడాలి.

ఆరోగ్యవంతుడైన యువకుడు గాయాన్ని కోరుకోవడం వినడానికి వింతగా ఉంటుంది. కానీ వారు ఉన్న చోటును తలచుకోండి. మోకాలి లోతు బురద, ఎలుకలు, పేలు, తడి బూట్లలో రోజుల తరబడి నానిపోయి నల్లబడే పాదాలు, ఎప్పుడు పడుతుందో తెలియని ఫిరంగి గుండు. అక్కడ మరణానికీ సురక్షితమైన ఇంటికీ నడుమ మిగిలిన ఏకైక గౌరవప్రదమైన దారి గాయమే. సెలవు అడిగితే పిరికితనం. పారిపోతే శిక్ష. గాయపడితే మాత్రం కర్తవ్యం నెరవేర్చినవాడు. ఆ మాటలోని హాస్యం కింద ఉన్నది ఈ దుర్భరమైన లెక్క.

కొందరు ఆ గాయాన్ని తామే చేసుకున్నారు. ఇది అన్ని సైన్యాల్లోనూ జరిగింది. స్వయంకృత గాయం చట్టరీత్యా సైనిక నేరం. యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో దాదాపు 3,900 మంది ఈ నేరానికి శిక్షపడినట్లు లెక్కలు ఉన్నాయి. వారికి ప్రత్యేక వార్డులు, వాటికి కాపలాలు ఉండేవి. కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ రాసిన ఒక కవితకు శీర్షికే ఆనాటి వైద్య పత్రాలపై అటువంటి గాయానికి వేసే మూడక్షరాల గుర్తు. ఫలితంగా వైద్యునికి ఒక విచిత్రమైన విధి సంక్రమించింది. గాయాన్ని కట్టడంతో పాటు గాయపడినవాడు నిజం చెబుతున్నాడా అని తీర్పు చెప్పవలసి వచ్చింది.

ఈ అనుమానం అందరికంటె ముందుగా, తీవ్రంగా పడినవారిలో భారతీయ సిపాయిలు ఉన్నారు. 1914 సెప్టెంబరు చివరలో వారు మార్సే రేవులో దిగారు. పలుచని నూలు దుస్తులతోనే ఫ్లాండర్స్ చలిని ఎదుర్కొన్నారు. యుద్ధం ముగిసేనాటికి సముద్రం దాటిన భారతీయుల సంఖ్య పది లక్షలు మించింది. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. వీరిలో అధికులు ఉత్తర, వాయవ్య ప్రాంతాలవారు. అప్పటి ‘యోధజాతుల’ సిద్ధాంతం మూలంగా దక్షిణాది నియామకాలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. అయినా పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వంటి ఊళ్ల నుంచి తెలుగువారు ఆ యుద్ధానికి వెళ్లారు. ఆ ఊరిని నేటికీ ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు.

క్షతగాత్రులైన సిపాయిల కోసం ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రైటన్‌లో ఆసుపత్రులు తెరిచారు. గుమ్మటాలతో హిందుస్థానీ రాజమందిరంలా కనిపించే రాయల్ పెవిలియన్ వాటిలో ఒకటి. అక్కడ మతాచారాలను అనుసరించి తొమ్మిది వంటశాలలు, హిందువులకు, ముస్లిములకు వేర్వేరు మంచినీటి కుళాయిలు ఏర్పాటు చేశారు. మరొకటి కిచెనర్ ఇండియన్ హాస్పిటల్. దానికి అధిపతి ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన కర్నల్ సర్ బ్రూస్ సీటన్. మొదటి నెలల్లో చేరిన సిపాయిల్లో చేతి గాయాలు అసాధారణంగా ఎక్కువ కనిపించడంతో, వీరు తమను తామే కాల్చుకుంటున్నారన్న వాదం సైనికాధికారుల్లో వ్యాపించింది. సీటన్ వాదానికి దిగకుండా లెక్కకు దిగాడు. యుద్ధంలో తగిలిన వెయ్యి గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1915లో నివేదిక సమర్పించాడు. స్వయంకృత గాయాలు విస్తృతంగా ఉన్నాయన్న సిద్ధాంతానికి ఆధారం లేదని తేల్చాడు.

మొదట తోచిన దానిని నమ్మరాదనడానికి ఇది చక్కని పాఠం. కందకంలో నిలబడి తుపాకీ పేల్చేవాడికి గట్టు పైన బయటపడేవి తల, చేతులు. తలకు గుండు తగిలినవాడు చాలావరకు ఆసుపత్రి దాకా రాడు. వచ్చేవాడు చేతికి తగిలినవాడే. ఆసుపత్రిలో మాత్రమే లెక్క చూసేవారికి చేతి గాయాలు ఎక్కువగా కనిపించడంలో ఆశ్చర్యం ఏమున్నది? సీటన్‌ను మరీ ఆకాశానికెత్తనవసరం లేదు. రోగులను, భారతీయ సిబ్బందిని ఆసుపత్రి దాటి వెళ్లనీయకుండా కఠిన నిర్బంధాలు విధించిన అధికారీ ఆయనే. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన ముందుగా వైద్యుడు, ఆ తరువాతే సైనికాధికారి.

ఇక్కడ చరిత్ర మరొక వైపు కూడా చూపిస్తుంది. బ్రిటిష్ సైనికునికి బ్లైటీ అంటే ఇల్లు. సిపాయికి అదే గడ్డ బిలాయత్, అంటే పరాయి దేశం. అతడు బ్రైటన్ చేరినా ఇల్లు చేరినట్లు కాదు. పైగా గాయం మానిన సిపాయిలను మళ్లీ ముందువరుసకు పంపడం మొదలైంది. అది తమతో కుదిరిన ఒప్పందానికి విరుద్ధమన్న వేదన వారు ఇంటికి రాసిన ఉత్తరాల్లో పదేపదే కనిపిస్తుంది. ఆ ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి, అనువదించి దాచడం వల్ల అవి నేటికీ మిగిలాయి. 1915 ఆగస్టులో జమేదార్ మీర్ దస్త్ బ్రైటన్‌లోనే ఐదవ జార్జి చక్రవర్తి చేతుల మీదుగా విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఒకసారి గాయపడినవాడిని తిరిగి కందకాలకు పంపవద్దని ఆయన అప్పుడు రాజును వేడుకున్నాడని ఆ కాలపు ఉత్తరాల వల్ల తెలుస్తోంది. అత్యున్నత శౌర్య పతకం పొందినవాడు అడిగింది అది. ఆ మాటను పిరికితనమని ఎవరనగలరు? ఖుషీ అనే మాటను ఇచ్చినవారికి ఆ ఖుషీలో వాటా అంతగా దక్కలేదు.

అసలు ఆనాడు సుఖమైన గాయం అనేది ఉన్నదా? వైద్యపరంగా చూస్తే అది చాలావరకు భ్రమ. ఫ్రాన్స్, బెల్జియం పొలాలు తరతరాలుగా పశువుల ఎరువు పడిన నేలలు. ఆ మట్టిలో ధనుర్వాతం, గ్యాస్ గ్యాంగ్రీన్ కలిగించే క్రిముల బీజాలు పుష్కలంగా ఉంటాయి. ఫిరంగి గుండు ముక్క ఒంట్లోకి ఒంటరిగా రాదు. మట్టిని, మురికి దుస్తుల పీలికలను వెంటబెట్టుకుని వస్తుంది. గాలి సోకని లోతులో ఆ క్రిములు పెరుగుతాయి. ఉదయం నవ్వుతూ కుషి గాయమని చెప్పుకున్నవాడికి రెండు మూడు రోజుల్లో కాలు వాచి, కండరాల్లో వాయువు చేరి, అవయవమో ప్రాణమో పోయిన సందర్భాలు ఎన్నో. ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణంలో సైనిక ప్రయోగశాలలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాయాల్లోనూ, సైనికుల దుస్తుల పీలికల్లోనూ ఈ క్రిములను చూపించాడు. పైపైన పోసే క్రిమినాశక ద్రవాలు గాయపు మూలమూలలకు చేరలేవని కూడా నిరూపించాడు. 1928లో పెన్సిలిన్‌ను గుర్తించిన ఫ్లెమింగ్ ఈయనే.

ధనుర్వాతం విషయంలో మాత్రం ఒక గొప్ప విజయం లభించింది. యుద్ధం మొదలైన తొలి నెలల్లో గాయపడిన ప్రతి వెయ్యి మంది బ్రిటిష్ సైనికుల్లో సుమారు ఎనిమిది మందికి ఆ వ్యాధి సోకింది. గాయపడిన ప్రతివానికీ ధనుర్వాత నిరోధక సీరమ్ ఇవ్వడం మొదలుపెట్టగానే ఆ ఏడాది చివరికే ఆ సంఖ్య ఎంతో పడిపోయింది. గాయం చిన్నదా పెద్దదా అని చూడకుండా అందరికీ ఇవ్వడమే అక్కడ కీలకం.

నూరేళ్లు దాటిన ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది గాయం గురించి. ‘చిన్న దెబ్బే డాక్టరుగారూ’ అన్న మాట ప్రభుత్వ వైద్యులు ప్రతిరోజూ వినేదే. గాయపు పరిమాణం దాని ప్రమాదాన్ని చెప్పదు. మేకు గుచ్చుకున్న రంధ్రం చూడటానికి చిన్నదే, కానీ లోతైనది, గాలి సోకనిది. పొలంలో ముల్లు, పార దెబ్బ, పశువుల కొట్టంలో గీత వంటివి మట్టితో, పేడతో కలిసిన గాయాలు. ముందుగా ధారగా పడే నీటితో, సబ్బుతో బాగా కడగండి. కాఫీ పొడి, సున్నం, పేడ వంటివి పూయకండి. మన జాతీయ టీకాల కార్యక్రమంలో పాత టీటీ స్థానంలో 2019 నుంచి ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని కూడా నివారించే టీడీ టీకా వచ్చింది. చిన్ననాటి టీకాలు పూర్తయినవారు కూడా పదేళ్లకొకసారి దానిని తీసుకోవాలి. గాయం మురికిదై, చివరి టీకా పడి ఐదేళ్లు దాటితే ఆలస్యం చేయకండి. టీకాలు ఎప్పుడూ పూర్తిగా పడనివారికి మురికి గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం కావచ్చు. గాయానికి తగనంత తీవ్రమైన నొప్పి, త్వరత్వరగా పాకే వాపు, దవడ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మధుమేహం ఉన్నవారు కాలిపై ఏ గాయాన్నీ చిన్నదని అనుకోరాదు.

రెండవది గాయపడిన మనిషి గురించి. పరీక్షల ముందురోజు పిల్లవాడికి కడుపునొప్పి వస్తే నటన అంటాం. అత్తవారింట్లో కోడలు తరచు తలనొప్పి అని పడుకుంటే వంక అంటాం. కూలీ చిన్న జ్వరానికే నాలుగు రోజులు పని మానితే సోమరి అంటాం. జబ్బుపడితే తప్ప విశ్రాంతి అడిగే హక్కు లేని చోట మనిషికి జబ్బే సెలవు చీటీ అవుతుంది. కొన్నిసార్లు అది నటన కావచ్చు. ఎక్కువసార్లు శరీరం నిజంగానే నొప్పి పడుతుంది. నిజమా కాదా అన్న విచారణతోనే ఆగిపోతే వైద్యం అక్కడే ఆగిపోతుంది. ఈ మనిషి ఏ కందకం నుంచి వచ్చాడు అని అడిగితే వైద్యం మొదలవుతుంది. పిల్లవాడిని పరీక్ష గురించి, కోడలిని ఇంటి గురించి, కూలీని పని గంటల గురించి ఒక్క ప్రశ్న నెమ్మదిగా అడిగి చూడండి. చాలాసార్లు మందు చీటీలో రాయలేని సమాధానం దొరుకుతుంది.

ఎవరినైనా ‘కుషి’ బతుకు బతుకుతున్నారని అనబోయే ముందు ఆ మాటను తమ గాయానికి తగిలించుకుని తృప్తిపడిన యువకులను ఒకసారి తలచుకుందాం. గాయపడితేనే హాయి దొరికే స్థితి ఏ మనిషికీ రాకుండా చూడటం కూడా ప్రజారోగ్యంలో భాగమే.